గట్టు అవతలి మట్టి

...అయినా పిడికెడు మట్టి. ఒక్క పిడికెడు. చేను దున్ని వచ్చేటప్పుడు కాళ్లకు అంటుకుని ఇంటిదాకా వచ్చే మట్టి అంతకంటే ఎక్కువే ఉంటుంది. భార్య పున్నమ్మ దాన్ని గడప దగ్గర చీపురుతో ఊడ్చి బయట పారేస్తుంది. దాని కోసం ఎవరూ ఏడవరు. మూడేళ్లుగా మాచన్న తనకు తాను ఈ మాటే చెప్పుకుంటున్నాడు. మొదలుపెట్టినప్పుడు ఆ మాట గట్టిగానే ఉంటుంది. సగానికి వచ్చేసరికి వదులైపోతుంది.

ఆ ఉదయం కూడా అంతే. గైరికా నది ఒడ్డున, రత్నతోరణ రాజ్యపు సైన్యం విడిది చేసిన చోట, ఈటె మొనకు నూరుడురాయి పెట్టి రుద్దుతూ మళ్లీ ఆ మాటే మొదలుపెట్టాడు. చేయి జారింది. మొన అరచేతిలో అడ్డంగా దిగింది. నెత్తురు రాలేదు. తెగినచోట తడిమట్టి కొంచెం ఉబికి, అందులోంచి తుంగవేరు ఒకటి దారంలా బయటికి వచ్చింది. దాన్ని గబుక్కున లాగి పారేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అప్పటికే గాయం పూడిపోయింది.

తుంగ మాచన్న చేలో మొలవదు. గట్టు అవతల, తమ్ముడు కాటన్న పల్లపు చేలో మొలుస్తుంది.

యుద్ధం ఎందుకు వచ్చిందో వాళ్ల ఊరు తంగేడుమిట్టలో ఎవరికీ సరిగా తెలియదు. నదికి అవతలనున్న నీలశైల రాజు తన కూతురిని ఇవ్వనన్నాడని కొందరు చెప్పారు. తెల్ల ఏనుగును ఇవ్వనన్నాడని మరికొందరన్నారు. ఏదైతేనేం, తొలకరి పడి ఏరువాక సాగిన మూడో రోజున రాజభటులు డప్పు కొట్టుకుంటూ వచ్చారు. ఇంటికొక మగవాడు దండులో చేరాలి. చేరేవాడు తన సొంత చేలోంచి పిడికెడు మట్టి తేవాలి. రాజగురువైన మాంత్రికుడు భస్మకేతుడు ఆ మట్టిని పిడతలో పెట్టి మంత్రిస్తాడు. ఆ మట్టి ఉన్నంతకాలం ఆ మనిషిని కత్తి కోయదు, బాణం గుచ్చదు. దాని పేరు మృత్కవచం.

ఆ ప్రాంతంలో ఒక పట్టింపు ఉంది. ఏరువాక సాగాక విత్తు పడేదాకా చేలోంచి మట్టి బయటికి పోకూడదు. ఆ రోజుల్లో పార అరువిచ్చినా అంచు కడిగి ఇస్తారు. సాయంత్రం ఎద్దుల గిట్టలు గట్టు దగ్గరే గీకి, ఆ మట్టిని చేలోకే విసిరి ఇంటికి తోలుకుపోతారు. మట్టి పోతే దానితోపాటు సారం పోతుందని భయం. మాచన్నకు ఆ భయం అందరికంటే కొంచెం ఎక్కువ. తండ్రి పోయి చేను రెండు భాగాలైన నాటి నుంచి అతని నాగలి ఏటా గట్టును ఒక్క చాలు మేర అటువైపుకు గోకుతూనే ఉంది. కాటన్న అది చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు.

భటులు గట్టు మీద నిలబడి తొందరపెడుతుంటే మాచన్న తన చేను వైపు చూశాడు, వంగాడు, చేయి చాపాడు. చేయి గట్టు అవతలికి పోయింది. నాన్న ఉన్నప్పుడు రెండూ ఒకటే చేను కదా అనుకున్నాడు. పొలిమేర దాటేదాకా ఆ మాట అతనికి సరిపోయింది.

పున్నమ్మ పొలిమేర దాకా వచ్చింది. అతని పైపంచె చెంగు లాక్కుని, తన కొంగు చాటు నుంచి పిడికెడు మట్టి తీసి అందులో ముడివేసింది. సొంత చేను మట్టే. ఇప్పుడు బయటికి పోకూడదు కదా అని అతడు కోప్పడితే, "బయటికి ఎక్కడ పోతుంది? నీతో పోతుంది, నీతోనే వస్తుంది" అంది. ఆ ముడిని అతడు మూడేళ్లలో ఒక్కసారీ విప్పలేదు.

మృత్కవచం నిజమేనని గైరికా నది రేవులోనే తేలింది. భాద్రపదపు వరదలో, మొలలోతు నీళ్లలో, నీలశైలపు రౌతు ఒకడు ఈటెతో మాచన్న పక్కటెముకల్లో పొడిచాడు. పొడిచినవాడు ఈటె లాక్కుని, మొనకు అంటిన బురద చూసి కెవ్వుమని గుర్రం మీంచి దూకి పారిపోయాడు. ఆ మరుసటి ఏడు కార్తీకంలో మదపుటేనుగు ఒకటి అతణ్ని కింద పడేసి వీపు మీద కాలు మోపి పోయింది. దుమ్ము దులుపుకుని లేచాడు. ఎర్రగుట్ట కనుమలో పైనుంచి బండలు దొర్లించారు. సలసల కాగే నూనె పోశారు. ఒకసారి అతని గొంతులో ఇరుక్కున్న బాణాన్ని తోటివాడు కాలు ఆనించి పీకాల్సి వచ్చింది. అతడు ప్రతిసారీ లేచాడు. రెండో ఏడు పదిమందికి నాయకుణ్ని చేశారు. చావడం తెలియని మొద్దని వెనకా ముందూ నవ్వుకునేవాళ్లు. అతనూ నవ్వేవాడు. గాయంలోంచి తుంగవేరు వచ్చిన రోజు మాత్రం నవ్వేవాడు కాదు. ఆ వేరు గురించి ఆలోచించకుండా ఉండటానికి ఈటె నూరుకునేవాడు. సైన్యం మొత్తం మీద అతని ఈటె అంత పదునైంది లేదు.

ఆ మధ్యాహ్నమే వజ్రకవాటం మీద ఆఖరి దాడి. నది అవతల నల్లరాతి గుట్ట మీద, మేఘాలు బురుజులకు రాసుకుంటూ పోయేంత ఎత్తున ఉంది ఆ కోట. గోడల మీద పరిచిన ఇత్తడి రేకులు ఎండకు రగులుతుంటే, పగలే రెండో సూర్యుడు పొడిచినట్టుండేది. మొదటి కొమ్ముబూర ఊదగానే సైన్యం వరుసకట్టాలి. రెండోదానికి తెప్పలెక్కాలి. మూడోదానికి నిచ్చెనలు గోడకు ఆనాలి.

మొదటి బూరకు ఇంకా జాము ఉందనగా కొత్త దండు వచ్చింది. వాళ్లను నిలబెట్టి ఈటెలు పంచడం మాచన్న పని. వరుస చివర ఒక మనిషి కుడికాలు కొంచెం ముందుకు వేసి, రెండు చేతులూ నడుము ఎత్తున పెట్టి నిలబడ్డాడు. చేతుల మధ్య ఏమీ లేదు. నాగలి మేడి పట్టుకున్నవాడు నిలబడే తీరు అది. మాచన్నకు ముఖం చూడకముందే అతనెవరో తెలిసిపోయింది.

"అన్నా" అన్నాడు కాటన్న, నిన్న సాయంత్రం విడిపోయి పొద్దున కలిసినట్టు.

"నువ్వెందుకొచ్చావురా? ఇంటికొకరే గదా."

"మనవిప్పుడు రెండిళ్లు గదన్నా."

పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టాడు. కాటన్న బాగా చిక్కిపోయాడు. తలగుడ్డ కింద వెంట్రుకలు తెల్లబడ్డాయి. అన్న కంటే ఆరేళ్లు చిన్నవాడు, ఇప్పుడు పెద్దవాడిలా కనిపించాడు. చేను పోయిందని చెప్పాడు. వరదకు పోలేదు, కరువుకూ పోలేదు. మొదటి ఏడు భాద్రపదంలో, జొన్న మోకాలెత్తు ఉండగా, ఎవరో ఈటెతో పొడిచినట్టు నేలలో బెజ్జం పడిందట. బావి నీళ్లన్నీ అందులోకి ఇంకిపోయాయట. మరుసటి ఏడు కార్తీకంలో ఒక్క రాత్రిలో ఏనుగు కాలు మోపినంత గుంట పడి చుట్టూ పైరు మాడిపోయిందట. ఆ తరువాత ఒకచోట నూనె పోసి కాల్చినట్టు నల్లబడిందట. ఇప్పుడు చేను చేనంతా బూడిద. గాలి వీస్తే ఎగిరి ఊళ్లోకి వస్తోంది.

అతడు ఒక్కొక్కటీ చెబుతుంటే మాచన్న శరీరం ఒక్కోచోట గుర్తుచేసుకుంటోంది. పక్కటెముకలు. వీపు. భుజం. మృత్కవచం గాయాన్ని మాయం చేయదు, ఏ చేను మట్టి పిడతలో ఉందో ఆ చేనుకు పంపిస్తుంది. ఈ సంగతి భస్మకేతుడు ఏ రైతుకూ చెప్పలేదు. మాచన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు కూడా. తుంగవేరు మూడేళ్లుగా చెబుతూనే ఉంది.

"ఎవరో చేతబడి చేశారంటన్నారు ఊళ్లో" అన్నాడు కాటన్న. "మనకు పగోళ్లెవరున్నారన్నా?"

మాచన్న నూరుడురాయిని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"గట్టు వార జానెడు మేర మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. పిల్లల కోసరం దాంట్లో రాగులు చల్లినా. వదిన చూసుకుంటానంది. ఈ రెండేళ్లూ మా పిల్లలకు గంజి పోసింది వదినే."

ఆ తరువాత తన పిడత సంగతి చెప్పాడు. పొద్దున మాంత్రికుడి శిష్యులు అతని మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి పారబోశారట. చచ్చిన మట్టికి కవచం కట్టదన్నారట. కవచం లేనివాళ్లంతా నిచ్చెనల దళంలోకి పోవాలన్నారట. నిచ్చెనల దళమంటే ఏమిటో కాటన్నకు తెలియదు. గోడకు నిచ్చెన ఆనించి, పైనుంచి పడేవన్నీ నెత్తిన మోస్తూ దాన్ని పట్టుకుని నిలబడాలి. ఎర్రగుట్టలో కవచం లేకుండా నిలబడ్డ నలభైమందిని మాచన్నే స్వయంగా ఏరి ఒకచోట చేర్చాడు. ఇంత నిచ్చెన మొయ్యడం చేత కాదా, వెదురేగా అన్నాడు కాటన్న.

ఆ వెంటనే నవ్వుతూ అన్నాడు.

"నువ్వు పొయ్యే రోజు గట్టు మీద వంగి నా చేలో మట్టి తీసుకున్నావే, నేను చూసినా. ఎద్దుల కాడ ఉన్నా. పిలుద్దామనుకుని ఊరుకున్నా."

మాచన్న చేయి పైపంచె ముడి మీదికి పోయింది.

"అంత దూరం పోతన్నాడు, తమ్ముడి చేను మట్టి కాస్త దగ్గరుంచుకుందామనుకున్నాడు అనుకున్నా. నీ మరదలికి చెబితే ఏడ్చింది."

తిన్నావా అని అడిగాడు మాచన్న.

దళవాయి డేరా దగ్గరికి పోయి తమ్ముణ్ని వంటశాలకు మార్చమని చేతులు జోడించాడు. దళవాయి తాంబూలం నములుతూ విని, కవచం ఉన్నవాణ్ని నిచ్చెన కింద వృథా చేయడం యుద్ధనీతి కాదని, లేనివాణ్ని వంటశాలలో పెట్టడమూ కాదని చెప్పి పంపేశాడు. బయటికి వచ్చేసరికి మొదటి బూర మోగింది.

పిడతలు చేసే కుమ్మరి చుక్కయ్య నది మలుపులో కుండలు కాల్చే ఆవం దగ్గర కూర్చుని కొత్త పిడతలను కావడిలోకి ఎత్తుతున్నాడు. పొట్టి మనిషి, సైన్యంలో అందరికీ బావే. చేను లేనివాడు కాబట్టి అతనికి కవచం లేదు, యుద్ధమూ లేదు. "నాకు గజం నేల లేకపోవడం ఇన్నాళ్లకు కలిసొచ్చింది బావా, నన్ను చంపాలన్నా ఎక్కడ చంపాలో రాజుకు తెలీదు" అని నవ్వించేవాడు. మాచన్న అతని ముందు చతికిలబడి అంతా చెప్పాడు. మూడేళ్లలో ఒకరితో చెప్పడం అదే మొదలు. చుక్కయ్య నవ్వలేదు.

అతడు చెప్పినదేమిటంటే, మంత్రం పిడతలో లేదు, మాంత్రికుడు పిడతలు దాచే గుహలోని రాతి అరల్లో ఉంది. అరలో పెట్టిన పిడతలో మెడ కింది గీత దాకా ఎవరి చేను మట్టైనా ఉంటే చాలు, కవచం పట్టుకుంటుంది. గీతకు తగ్గితే పట్టదు. పిడత పచ్చిగా ఉన్నప్పుడే దాని మనిషి బొటనవేలు ఒత్తుతాడు. ఆ గుర్తే పిడతను మనిషికి ముడివేస్తుంది. శిష్యులు పనికిరావన్న పిడతల్ని గుహలోనే ఒక మూల కుప్ప పోస్తారు. భస్మకేతుడూ శిష్యులూ ఇప్పుడు నది ఒడ్డున హోమంలో ఉన్నారు. లోపల ఉన్నది కాపలా పాము ఒక్కటే.

"నన్నయితే గడప దాటనివ్వదు బావా. దానికి కళ్లు లేవు. నెత్తురు వాసనే చూపు. నీ ఒంట్లో ఆ వాసన లేదుగా, నువ్వు పోగలవు."

మాచన్న సైనికుడి దుస్తులు విప్పి, ఒంటికి ఆవం బూడిద పూసుకుని, చుక్కయ్య తలగుడ్డ చుట్టుకుని కావడి భుజానికెత్తుకున్నాడు. పైపంచె మాత్రం నడుముకు బిగించుకున్నాడు. గుహ ముందు ఇద్దరు భటులు ఈటెలు అడ్డం పెట్టారు. ఈ దున్నపోతు ఎవడని అడిగారు. కొత్తగా వచ్చిన మా మరదలి మొగుడు, చెవుడు, ఏమడిగినా తల ఊపుతాడు అని చుక్కయ్య చెప్పాడు. ఒక భటుడు మాచన్నను గాడిదా అని పిలిచి చూశాడు. అతడు తల ఊపాడు. వాళ్లు పడీపడీ నవ్వి ఈటెలు తీశారు. చుక్కయ్య గడప దగ్గర పిడతలు దించే నెపంతో భటులకు కథ ఒకటి మొదలుపెట్టాడు. మాచన్న లోపలికి జారుకున్నాడు.

గుహలో ఒక రాజ్యం ఉంది. పైకప్పు చీలికల్లోంచి ఎండ బంగారు కడ్డీల్లా దిగి నేలను తాకుతోంది. రెండువైపులా కంటికి అందనంత ఎత్తుగా, చంద్రకాంత శిలలో చెక్కిన అరలు. ప్రతి అరలోనూ వరుసలు వరుసలుగా పిడతలు. నల్లరేగడి, ఎర్ర చెల్క, ఏటి ఒండ్రు, తెల్ల చౌడు. ఏ ఊరి మట్టి ఆ ఊరి వాసన వేస్తోంది. వాన పడ్డ మొదటి క్షణాన దేశమంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టుంది ఆ గుహ. కొన్ని పిడతల్లో మట్టి సన్నగా వణుకుతోంది. చాలావాటిలో బూడిదే మిగిలింది.

పాము అరల మధ్య పారుతోంది. తాటిమాను లావున, ఒళ్లంతా కదిలే బూడిదతో, చప్పుడు లేకుండా వచ్చింది. మాచన్న గోడకు అంటుకుపోయాడు. అది అతని పాదాల మీదుగా, కడుపు మీదుగా, చల్లారిన పొయ్యి వాసన వేస్తూ పాకి వెళ్లిపోయింది. దానికి అక్కడ మనిషి లేడు.

మూలనున్న కుప్ప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పిడతనూ తడిమాడు. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. కాటన్న ఎడమ బొటనవేలికి సగం గోరు లేదు. చిన్నప్పుడు గడ్డి కోసేటప్పుడు అన్న చేతి కొడవలి తగిలి పోయింది. ఆ సగం గోరు మట్టిలో స్పష్టంగా దిగి ఉంది. పక్కనే ఒక అరలో ఖాళీ ఉంటే ఆ పిడతను ఎత్తి అందులో పెట్టాడు.

బయట రెండో బూర మోగింది. తెప్పలు కదులుతాయి.

తన పిడత దాని పక్క అరలోనే, నాలుగో వరుసలో ఉంది. చూడగానే గుర్తుపట్టాడు. మిగతా పిడతలన్నిటిలో మట్టో, బూడిదో ఉంది. దీంట్లో బూడిద మధ్య నుంచి తుంగమొక్క ఒకటి లేచి రెండాకులు వేసింది. అడుగున ఇంకా చిటికెడు తడి ఉంది. గట్టు వార జానెడు నేల అదే. పిల్లల రాగులు మొలిచే నేల. ఇంకొక్క దాడి చాలు, అదీ అయిపోతుంది.

దాన్ని అరలోంచి తీశాడు.

ఒంట్లోకి వేడి ఒక్కసారిగా దూసుకొచ్చింది. చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించింది. మూడేళ్లుగా అది కొట్టుకుంటోందని కూడా మరిచిపోయాడు. పాత గాయాలన్నీ ఆ చేను ఎప్పుడో భరించేసింది. పొద్దుటిది ఒక్కటే ఇంకా దారిలో ఉన్నట్టుంది. అరచేయి తెరుచుకుని నెత్తురు కారింది. ఎర్రగా, వెచ్చగా, బొట్లుబొట్లుగా రాతినేల మీద పడింది.

గుహ అవతలి చివర పాము ఆగింది. తల తిప్పింది.

తుంగమొక్కను ఆ చిటికెడు తడితో సహా పెళ్లగించి పైపంచె రెండో చెంగులో చుట్టి ముడివేశాడు. ఇక మిగిలింది మొదటి ముడి. చెమటకూ వానకూ మూడేళ్లు నానిన ముడి, రాయిలా బిగిసిపోయింది. వేళ్లకు లొంగలేదు. పళ్లతో పట్టుకుని లాగాడు. పున్నమ్మ చేతి ముడి. ఆమె ఏది కట్టినా ఇంతే.

ముడి వదులయ్యేసరికి సొంత చేను వాసన ముఖానికి కొట్టింది, చేతులు ఆగిపోయాయి.

పక్కపక్కనే రెండు అరలు. ఒకదాంట్లో సగం గోరు గుర్తున్న పిడత. ఇంకొకటి తన పిడత ఉన్న చోటు. చేతిలో ఉన్నది పిడికెడే, ఒక్కరికే గీత దాకా వస్తుంది. ఇది తన చేను మట్టి. తన పిడతలోనే పడాల్సింది, మూడేళ్ల కిందటే పడాల్సింది. ఇప్పుడు పోసుకుంటే తప్పు దిద్దుకున్నట్టే అవుతుంది, తమ్ముడి చేను జోలికి ఇక పోనట్టే అవుతుంది. నెత్తురు ఆగుతుంది. పాము పక్క నుంచి పోతుంది. అందులో అన్యాయం ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. గట్టు మీద వంగిన నాడు కూడా తన మాట ఇంత చక్కగానే ఉందని మాచన్నకు గుర్తొచ్చింది.

పాము వస్తోంది. దారిలో ఉన్న పిడతలు టపటపా పగులుతున్నాయి. గడప దగ్గర చుక్కయ్య కథ ఆగిపోయింది. బావా అని ఒక్క కేక వినిపించింది.

తమ్ముడి దెబ్బలు ఇక తన చేను మీద పడతాయి. పున్నమ్మ పొద్దున్నే పోయి చూస్తే జొన్నలో ఈటెపోటంత బెజ్జం ఉంటుంది. ఆమె దాని పక్కన కూర్చుంటుంది. తరువాత లేచి, ఇద్దరి పిల్లలకూ ఉన్నదాంట్లో గంజి పోస్తుంది. రెండేళ్లుగా ఆమె చేస్తున్నది అదే. ఎవరూ అడగకుండానే చేస్తోంది.

మాచన్న చెంగును కాటన్న పిడత మీదికి వంచాడు. మట్టి జారింది. విత్తనాన్ని కప్పినట్టు బొటనవేలితో మెల్లగా అదిమాడు. గీతకు వెంట్రుకవాసి తక్కువైంది. వెనక చల్లారిన పొయ్యి వాసన దగ్గరికొచ్చింది. అతడు చూడలేదు. గుడ్డను తిరగేసి, మడతల్లో మిగిలిన నలుసులతో సహా, పిడతలోకి దులిపాడు.